పని నేర్పే పని – మూడో పాఠం: చేతికి తెలిసింది కాగితం మీదికి

పోయిన పాఠంలో మీ దగ్గర జరిగే పనుల్లో ఒకదాన్ని ఎంచుకోమన్నాను. కొత్తవాళ్లు ఎక్కువగా తప్పు చేసేది, పది నిమిషాల్లో చేసి చూపించగలిగేది అయితే మంచిదని చెప్పాను. ఆ పనిని మనసులో పెట్టుకుని, ఒక తెల్లకాగితం పక్కన పెట్టుకుని ఈ పాఠం మొదలుపెట్టండి. ఇంకా ఎంచుకోనివాళ్లు ఇక్కడే ఆగి ఎంచుకోండి. ఈ పాఠం చదివితే రాదు, రాస్తే వస్తుంది.

నాది చిత్తూరు. మామిడి గుజ్జు ఫ్యాక్టరీల్లో సూపర్‌వైజర్‌గా చేసి, తర్వాత సూపర్‌వైజర్లకు నేర్పే పనిలోకి వచ్చాను. మా దగ్గర పని నేర్పడంలో ఉన్న ఇబ్బంది వేరు. తోతాపురి కాయ జోరుగా దిగేది జూన్, జూలైల్లో. ఆ కొద్ది వారాల కోసం చుట్టుపక్కల పల్లెల నుంచి కొత్తవాళ్లు పనికి వస్తారు, అందులో ఆడవాళ్లే ఎక్కువ. పోయినేడు వచ్చినవాళ్లంతా ఈ ఏడు రారు. మూడు రోజులు కూర్చోబెట్టి ట్రైనింగ్ ఇద్దామంటే గేటు బయట కాయల ట్రాక్టర్లు బారులు తీరి ఉంటాయి. పొద్దున వచ్చిన మనిషి మధ్యాహ్నానికి పండ్లు కదిలి వచ్చే బెల్టు దగ్గర నిలబడాల్సిందే.

నా మొదటి సీజన్‌లో నేనూ అందరిలాగే చేశాను. పండ్లు ఏరే బెల్టు దగ్గర చేయి తిరిగిన అక్క ఒకామె ఉండేది. కొత్తగా వచ్చిన ఒక అమ్మాయిని ఆమె పక్కన నిలబెట్టి, ‘అక్కను చూసి నేర్చుకో’ అని వెళ్లిపోయాను. సాయంత్రం వచ్చి చూస్తే, ఆ అమ్మాయి పక్కకు తీసేసిన క్రేటులో సగం మంచి పండ్లే. తీసేయాల్సినవి మాత్రం లోపలికి వెళ్లిపోయాయి. అందరి ముందూ అరిచాను. ‘ఏది తీసేయాలో ఎవురూ చెప్పలేదు సార్’ అంది, తల ఎత్తకుండా. మరుసటి రోజు ఆ అమ్మాయి రాలేదు. తప్పు నాది. ఈ పాఠాలు రాయడానికి ఆ రోజే కారణం.

తర్వాత అక్క దగ్గరికి వెళ్లి అడిగాను.

‘చెడ్డ పండని నీకెట్లా తెలుస్తుందక్కా?’

‘చేయి పెడితే తెలిసిపోతుంది గదా సార్. దాంట్లో చెప్పేదేముంది?’

ఆమె దాచిపెట్టలేదు. అన్నేళ్లుగా చేస్తున్న పని కదా, వివరమంతా చేతుల్లోకి దిగిపోయింది, నోటికి అందడం లేదు. అందుకే పని బాగా వచ్చినవాళ్లందరూ బాగా నేర్పలేరు. వాళ్లకు తెలియని సంగతి లేదు, తెలుసన్న సంగతే తెలియదు. ఆ వివరాన్ని చేతుల్లోంచి బయటికి తీసి కాగితం మీద పెట్టడమే ఈరోజు మన పాఠం.

గంటసేపు ఆమె పక్కన నిలబడి ముఖం కాకుండా చేతులే చూశాను. బెల్టు మీద వచ్చే ప్రతి పండునూ అరచేత్తో ఒకసారి దొర్లిస్తోంది, అడుగు వైపు పైకి వచ్చేలా. వెంటనే బొటనవేలు ముచ్చిక దగ్గరికి వెళ్తోంది. గోరు తగలనీయకుండా వేలి మెత్తతో నొక్కుతోంది. ఇక నల్ల మచ్చలు. ఒక మచ్చ ఉన్న పండును వదిలేసింది, అలాంటిదే ఇంకో పండును తీసి పారేసింది. నా కంటికి రెండూ ఒకటే. అడిగితే రెండూ నా చేతిలో పెట్టింది. ‘ఇది సొన కారిన మచ్చ సార్, తోలు మీదే ఉంటుంది. నొక్కి చూడండి, గట్టిగా ఉందా? ఇప్పుడు దీన్ని నొక్కండి.’ నా వేలు లోపలికి దిగిపోయింది, కింద మెత్తగా నీరుపట్టి ఉంది. కొత్తమ్మాయి పారేసిన మంచి పండ్లన్నీ సొన మచ్చలవే. నలుపంటే చెడు అనుకుంది పాపం. మరేమనుకుంటుంది?

ఈ పద్ధతి నేను కనిపెట్టింది కాదు. రెండో ప్రపంచ యుద్ధం రోజుల్లో అమెరికా ఫ్యాక్టరీలకు మాకున్న ఇబ్బందే ఎన్నో రెట్లు పెద్దగా వచ్చింది. అనుభవమున్నవాళ్లు సైన్యంలోకి పోతున్నారు, ఎప్పుడూ మిషన్ ముట్టనివాళ్లు పనిలోకి వస్తున్నారు. అప్పుడు 1940లో అక్కడి ప్రభుత్వం ట్రైనింగ్ వితిన్ ఇండస్ట్రీ (పరిశ్రమ లోపలే శిక్షణ) అనే కార్యక్రమం మొదలుపెట్టి 1945 దాకా నడిపింది. పదహారు లక్షల మందికి పైగా అందులో శిక్షణ పొందారు. వాళ్లు మొదట పట్టుకున్న సమస్యల్లో లెన్సులు అరగదీసే పని ఒకటి. ఆ పనివాడు తయారు కావడానికి ఏళ్లు పడుతుందని అనుకునేవారు. పనిని విడగొట్టి చూస్తే, నిజంగా అంత నైపుణ్యం కావాల్సింది అందులో కొంత భాగానికే అని తేలింది. యుద్ధం అయ్యాక ఈ పద్ధతి జపాన్‌కు వెళ్లి, టయోటా లాంటి కంపెనీల్లో వేళ్లూనుకుంది. ఆ అమెరికా కార్యక్రమంలో శిక్షకుడి చేతికిచ్చే కార్డు మీద ఒక మాట ఉండేది: పనివాడు నేర్చుకోలేదంటే, నేర్పేవాడు నేర్పలేదని అర్థం. ఆ మాట మొదటిసారి విన్నప్పుడు నాకు ఆ అమ్మాయే గుర్తొచ్చింది.

మన దేశంలో మానవ వనరుల అభివృద్ధి అని ప్రత్యేక విభాగం పెట్టడం 1975 ప్రాంతంలో ఎల్ అండ్ టీ కంపెనీతో మొదలైంది. ఉదయ్ పరీక్, టి.వి. రావు అనే ఇద్దరు మేనేజ్‌మెంట్ ప్రొఫెసర్లు ఆ ఏర్పాటుకు రూపం ఇచ్చారు. ఇప్పుడు పెద్ద కంపెనీలన్నిట్లో అలాంటి విభాగం ఉంది. విభాగం ఉన్నా, నేర్పడం మాత్రం బెల్టు దగ్గర, కౌంటర్ దగ్గర, స్టవ్ దగ్గరే జరుగుతుంది. కాబట్టి ఈ కాగితం రాయాల్సింది ఆఫీసు గదిలో కూర్చునేవాళ్లు కాదు, మీరు.

ఇక రాద్దాం. కాగితం మధ్యలో నిలువుగా గీత గీయండి. ఎడమ వైపు మెట్లు, కుడి వైపు కిటుకులు. మెట్టు అంటే పనిని ఒక అడుగు ముందుకు జరిపేది. మరీ చిన్నగా ముక్కలు చేయకండి. ‘చేయి చాపు, పండు పట్టుకో’ అని రాస్తే కాగితం నిండుతుంది గానీ పని రాదు. ఏరే పనికి నాకు నాలుగే మెట్లు వచ్చాయి: దొర్లించు, ముచ్చిక నొక్కు, మచ్చ చూడు, క్రేటులో వెయ్యి.

కష్టమంతా కుడి వైపే. అక్కడ ఏది రాయాలో తేల్చుకోవడానికి ఒక్కో మెట్టు దగ్గర మూడు ప్రశ్నలు వేసుకోండి. ఇది తప్పితే పని చెడుతుందా? దీనివల్ల మనిషికి దెబ్బ తగులుతుందా? ఇది తెలిస్తే పని సులువవుతుందా? మూడింటికీ కాదనే జవాబు వస్తే అది కిటుకు కాదు, కొట్టేయండి. ‘అడుగు వైపు పైకి రావాలి’ అన్నది మొదటి ప్రశ్నకు నిలిచింది. ‘అరచేత్తో దొర్లించు, వేళ్లతో ఎత్తకు’ అన్నది మూడోదానికి నిలిచింది. ఎత్తి చూసేవాళ్లకు గంట తిరక్కుండానే మణికట్టు నొప్పి పుడుతుంది.

ఒక్కో కిటుకు పక్కన ఎందుకో కూడా రాయండి. కారణం తెలియని జాగ్రత్త రెండో రోజుకే జారిపోతుంది. గోరు ఎందుకు తగలకూడదు? తోలు చీలితే మంచి పండు కూడా అక్కడి నుంచే చెడుతుంది. కుళ్లిన పండు లోపలికి పోతే ఏమవుతుంది? బూజు గుజ్జులో కలుస్తుంది. ల్యాబ్‌లో గుజ్జును మైక్రోస్కోప్ కింద పెట్టి బూజు లెక్క చూస్తారు, అది హద్దు దాటితే లాట్ మొత్తం, అంటే ఆ విడత తీసిన గుజ్జంతా, ఆగిపోతుంది. ఈ సంగతి చెప్పినప్పుడు బెల్టు దగ్గరి ఆడవాళ్లు చేతులు ఆపి నా వైపు చూశారు. తాము తీసేసే ఒక్క పండు వెనక ఇంత ఉందని వాళ్లకు అంతవరకూ ఎవరూ చెప్పలేదు.

కుడి వైపు మూడు మాటలు అసలు రాయకండి: జాగ్రత్తగా, సరిగ్గా, బాగా. ‘మచ్చను జాగ్రత్తగా చూడాలి’ అంటే కొత్తమ్మాయికి ఏం తెలుస్తుంది? ‘మచ్చ మీద బొటనవేలితో నొక్కు, గట్టిగా ఉంటే వదిలెయ్, వేలు దిగితే తీసెయ్’ అని రాస్తే చేతికి పని దొరుకుతుంది. నా దగ్గరికి వచ్చే సూపర్‌వైజర్ల కాగితాల్లో నేను ఎక్కువగా కొట్టేసేది ఈ మూడు మాటలనే.

క్రేటు మెట్టు దగ్గర మాత్రం నేనే బోల్తా పడ్డాను. ‘పనికిరానివి క్రేటులో వెయ్యి’ అని రాసి ఊరుకున్నాను. అయితే పనికిరానివి రెండు రకాలు. కుళ్లినవి చెత్తకు పోతాయి. ఇంకా పచ్చిగా ఉన్నవి తిరిగి మాగబెట్టే గదికి వెళ్లాలి. క్రేటులు రెండుండాలి. అక్క రోజూ రెండు క్రేటులు పక్కన పెట్టుకునేది, నేను గంటసేపు చూసి కూడా అది రాయలేదు.

రాయడం అయ్యాక కాగితాన్ని పని బాగా వచ్చిన మనిషికి చదివి వినిపించండి. ఇది మానొద్దు. నేను అక్కకు చదివి వినిపిస్తే రెండో క్రేటు సంగతి ఆమే చెప్పింది. చివరిదాకా విని కాసేపు ఊరుకుంది. ‘అంతా రాసినారు గానీ, వాసన రాయలేదే సార్’ అంది. చెడ్డ పండు చేతికి రాకముందే, బెల్టు మీద రెండడుగుల దూరంలో ఉండగానే పులిసిన వాసనతో ఆమెకు తెలిసిపోతుందట. అది ఎంతసేపు చూసినా కంటికి కనబడేది కాదు.

ఈ వారం అభ్యాసం: మీరు ఎంచుకున్న పనికి కాగితం రాయండి. మెట్లు ఏడు దాటితే పనిని రెండుగా కోసి, మొదటి సగమే రాయండి. ముందు పని వచ్చినవాళ్లకు చదివి వినిపించండి, తర్వాత అసలు రానివాళ్లకు. రానివాళ్లు ఎక్కడ ‘అంటే?’ అని అడుగుతారో అక్కడ పెన్సిల్‌తో గుర్తు పెట్టండి. నాలుగో పాఠంలో ఆ కాగితం చేతపట్టుకుని కొత్త మనిషి పక్కన నిలబడి, ముందు బెరుకు పోగొట్టి, చేసి చూపించి, చేయించి, తర్వాత వెంట ఉండి చూసుకోవడం మొదలుపెడదాం. పెన్సిల్ గుర్తులు చెరపకండి, అవి అప్పుడు కావాలి.