జరిమానాకు బదులు సమాజ సేవ: కోర్టులో ఎలా అడగాలి?

నల్లగొండ గడియారం సెంటర్‌లో హెల్మెట్ లేదని చలాన్ పడితే, "డబ్బుల్లేవు, రెండు రోజులు పని చేసి తీర్చుకుంటాను" అని ట్రాఫిక్ పోలీసును బతిమాలి లాభం లేదు. అక్కడికక్కడ తీరే చిన్న తప్పులకు మోటారు వాహనాల చట్టం సెక్షన్ 200 ప్రకారం రుసుము కట్టాల్సిందే. ఆ సెక్షన్‌లో సమాజ సేవ మాట ఉంది కానీ, అది రుసుముకు అదనంగా చేయించేది, బదులుగా కాదు. కాబట్టి ముందు వాహనం నంబరుతో ఈ-చలాన్ చూసుకోండి. చిన్న తప్పయితే మీసేవలో కట్టేయండి.

మద్యం తాగి బండి నడిపిన కేసు వేరు. వంద మిల్లీలీటర్ల రక్తంలో 30 మిల్లీగ్రాముల ఆల్కహాల్ దాటితే సెక్షన్ 185 వర్తిస్తుంది. మొదటిసారి ఆరు నెలల వరకు జైలు, లేదా 10,000 రూపాయల జరిమానా, లేదా రెండూ. దీన్ని రుసుము కట్టి అక్కడికక్కడ తీర్చుకునే వీలు లేదు, మేజిస్ట్రేట్ ముందు నిలబడాలి. ఇలాంటి కేసుల్లో ఆసుపత్రి ఊడవమనీ, కూడలిలో ప్లకార్డు పట్టుకుని నిలబడమనీ తెలంగాణ కోర్టులు ఆదేశించిన సందర్భాలున్నాయి. అడగాల్సిన చోటు అదే. అయితే అది మనవి మాత్రమే, హక్కు కాదు.

తప్పు ఒప్పుకునే ముందే వకీలుతో మాట్లాడండి. ఇది చాలామంది వదిలేసే మెట్టు. ఒప్పుకుంటే శిక్ష రికార్డుకెక్కుతుంది. మళ్లీ దొరికితే జైలు రెండేళ్ల వరకు, జరిమానా 15,000 రూపాయలకు పెరుగుతుంది. వకీలుకు ఇచ్చుకోలేనివారు జిల్లా న్యాయ సేవాధికార సంస్థను అడగవచ్చు, 15100కు ఫోను చేయవచ్చు. మహిళలకు, ఎస్సీ, ఎస్టీలకు ఆదాయంతో పని లేకుండా ఉచిత సాయం దొరుకుతుంది.

మేజిస్ట్రేట్‌తో ఉన్నదున్నట్టు చెప్పండి: ఇదే మొదటి తప్పు, మిర్యాలగూడ మిల్లులో హమాలీని, ఇంట్లో సంపాదించేది నేనొక్కడినే. ఆదాయ పత్రం చేతిలో ఉంటే మంచిది. ఎక్కడ సేవ చేస్తారని అడిగితే ప్రభుత్వ ఆసుపత్రి అనండి. నార్కట్‌పల్లి వైపు హైవే మీద రాత్రిపూట దెబ్బలు తగిలినవాళ్లు పడుకునే మంచాల మధ్య చీపురు పట్టిన మనిషి, మళ్లీ తాగి బండి ఎక్కడని నేను గట్టిగా నమ్ముతాను.

ఆదేశం వచ్చాక దాని నకలు తీసుకుని, చెప్పిన రోజున మీరే వెళ్లండి, తమ్ముడిని పంపకండి. కూలి ఉండదు. రోజూ హాజరు సంతకం పెట్టి, పని పూర్తయ్యాక అక్కడి అధికారి దగ్గర రాయించుకుని వాయిదా నాటికి కోర్టులో ఇవ్వండి. ఇచ్చే ముందు ఒక జిరాక్స్ తీసి ఇంట్లో దాచుకోండి.