ఆగుంబే వానల్లో ఎకో లాడ్జ్‌లో ఎలా ఉండాలి?

ఆగుంబే వెళ్తున్నామని ఎవరైనా చెబితే నేను ముందు అడిగేది ఏ నెలలో అని. డిసెంబరు అంటే ఇంకేం మాట్లాడను. చల్లగాలి, సన్నబడ్డ జలపాతం, నాలుగు ఫోటోలు కావాలంటే అరకు చాలు, ఖర్చు కూడా తక్కువ. కర్ణాటకలోని శివమొగ్గ జిల్లా, తీర్థహళ్ళి తాలూకాలో, పడమటి కనుమల అంచున ఉందీ ఊరు. వెళ్ళాల్సింది జూన్ చివరి నుంచి సెప్టెంబరు లోపు. అరేబియా సముద్రం మీంచి వచ్చే మబ్బు ఇక్కడి కొండకు తగిలి పైకి లేచి, చల్లబడి, మోసుకొచ్చిందంతా ఇక్కడే కుమ్మరిస్తుంది. ఏడాదికి సుమారు 7,000 మిల్లీమీటర్ల పైమాటే. హైదరాబాద్‌లో ఏడాది పొడుగునా పడేది 800 మిల్లీమీటర్లు, అటూ ఇటూగా. ఆగుంబేలో ఒక్క జులైలోనే అంతకు రెట్టింపు దాటిపోతుంది.

ఆ వానలో అడవి చూడటానికే అక్కడ ఉండటం. వాన తగ్గేదాకా గదిలో పేకాడుకుందామనుకునేవాళ్ళు మిగతాది చదవక్కర్లేదు.

గది బుక్ చేసే ముందు

బోర్డు మీద ఆకు బొమ్మ వేసుకున్న ప్రతిదీ ఎకో లాడ్జ్, అంటే చుట్టుపక్కల అడవిని పాడుచేయకుండా నడిపే బస, కాదు. ఫోన్ చేసి మూడు విషయాలు అడగండి. రాత్రి బయటి లైట్లు ఎన్నింటికి ఆర్పేస్తారు? మురుగునీళ్ళు, చెత్త ఎక్కడికి పోతాయి? అడవిలో మాతో నడిచే గైడ్ ఈ ఊరివాడేనా, ఫారెస్ట్ వాళ్ళు ఏ దారుల్లో వెళ్ళనిస్తున్నారు? మొదటి ప్రశ్నకే తడుముకుంటే ఇంకొకటి చూసుకోండి. స్విమ్మింగ్ పూల్, డీజే ఉన్నాయని గొప్పగా చెప్పినా అంతే. జులైలో క్యాంప్‌ఫైర్ కూడా ప్యాకేజీలో ఉందంటే ఆ ప్యాకేజీ రాసినవాడు అక్కడి వాన చూసి ఉండడు.

మూడు రాత్రులు తీసుకోండి. శని, ఆదివారాల్లో వెళ్ళి వచ్చేద్దామంటే కుదరదు. మొదటి రోజంతా తడికి అలవాటు పడటంతోనే సరిపోతుంది, అడవి కనిపించడం మొదలయ్యేది రెండో రోజు నుంచి.

వెళ్ళడం పెద్ద పనేం కాదు. మంగళూరు, ఉడుపి వైపు నుంచి ఘాట్ ఎక్కొచ్చు, లేదా శివమొగ్గ, తీర్థహళ్ళి మీదుగా రావచ్చు. ఉడుపి నుంచి 55 కిలోమీటర్లే గానీ, సోమేశ్వర దగ్గర మొదలయ్యే మలుపుల్లో వానాకాలం కొండచరియలు జారితే పెద్ద బళ్ళను ఆపేస్తారు. బయలుదేరే రోజు పొద్దున లాడ్జ్‌కి ఫోన్ చేసి రోడ్డు సంగతి కనుక్కోండి. చీకటి పడకముందే చేరండి.

సామాను

జీన్స్ వద్దు. ఒకసారి తడిస్తే మీరు తిరిగి ఇల్లు చేరేదాకా ఆరదు. పల్చటి సింథటిక్ ప్యాంట్లు, పొడుగు చేతుల చొక్కాలు, పట్టున్న రబ్బరు అడుగు బూట్లు, గదిలోకి రబ్బరు చెప్పులు, తలకు కట్టుకునే టార్చి, కాసిని పెద్ద పాలిథిన్ కవర్లు. కెమెరా ఉంటే తేమ పీల్చే సిలికా జెల్ ప్యాకెట్లు. అంతే. రెయిన్‌కోటు వద్దు, గొడుగు తీసుకెళ్ళండి. రెయిన్‌కోటు వేసుకుని గాలాడని అడవిలో అరగంట నడిస్తే లోపలంతా చెమటతో తడుస్తారు. బయట వాన, లోపల చెమట, మధ్యలో ఆరు వేల రూపాయల జాకెట్. నల్ల గొడుగు మూడు వందలు. మలెనాడు వాళ్ళు, అంటే ఆ కొండప్రాంతం వాళ్ళు, గొడుగు పట్టుకునే తోటల్లో తిరుగుతారు, వాళ్ళకు తెలియంది మనకేం తెలుసు?

బట్టల్ని రెండుగా విడగొట్టడం మాత్రం తప్పనిసరి. తడి జత ఒకటి, పొడి జత ఒకటి. బయటికి వెళ్ళేటప్పుడు తడిదే వేసుకోవాలి, గదికి రాగానే విప్పి కొక్కేనికి తగిలించాలి. మర్నాడు పొద్దున మళ్ళీ అదే చల్లటి తడి ప్యాంటు ఎక్కించాలి. ఒళ్ళు జలదరిస్తుంది, రెండు నిమిషాలే. ఆ రెండు నిమిషాలకు జంకి పొడి జత తీశారా, మధ్యాహ్నానికి రెండూ తడిసి రాత్రికి తువ్వాలు చుట్టుకుని పడుకోవాల్సి వస్తుంది. పొడి జతను కవర్లో ముడేసి పెట్టి, పడుకునేటప్పుడే తీయండి.

గదిలో

ఆవకాయ, పప్పులపొడి, జంతికలు లేనిదే మనవాళ్ళు ఊరు కదలరు. తీసుకెళ్ళండి, కానీ గదిలో పెట్టకండి. మూత బిగించిన స్టీలు డబ్బాలో వంటింట్లో ఇచ్చేయండి. విప్పిన పొట్లం మంచం పక్కన ఉంటే ముందు చీమలు, తర్వాత ఎలుకలు, వాటి కోసం పాములు వస్తాయి. అసలు అక్కడి వంట ఉండగా మన పొట్లాలెందుకో నాకు అర్థం కాదు. వానాకాలంలో చామాకుకు బియ్యప్పిండి, మసాలా పట్టించి, చుట్టలు చుట్టి, ఆవిరి మీద ఉడికించే పత్రొడె చేస్తారు. అడిగి మరీ చేయించుకోండి.

బాత్రూంలో ఫినాయిలు, బ్లీచింగ్ కుమ్మరించకండి. మురుగును కుళ్ళబెట్టే బ్యాక్టీరియా చచ్చిపోతే సెప్టిక్ ట్యాంకు పనిచేయదు. వరండా లైటు అవసరమైనప్పుడే వేయండి. వేస్తే రెక్కల పురుగులు వందలకొద్దీ వచ్చి తెల్లారేదాకా దాని చుట్టూ తిరిగి రాలిపోతాయి.

కరెంటు పోతుంది, సిగ్నల్ ఉండదు. ఇంట్లోవాళ్ళకు ముందే చెప్పి వెళ్తే ఎవరికీ టెన్షన్ ఉండదు.

నడక

గైడ్ లేకుండా గడప దాటొద్దు, ముఖ్యంగా రాత్రి. పక్కనున్నది సోమేశ్వర అభయారణ్యం, అనుమతి లేని దారిలో వెళ్తే అది నేరం కూడా. నడిచేటప్పుడు చూడకుండా దేన్నీ పట్టుకోకండి. చెట్టు కొమ్మ, మెట్ల పక్క కర్ర, రాతి గోడ, దేని మీదైనా మలబార్ పిట్ వైపర్ అనే విషపు పాము ఉండొచ్చు. ఆకుపచ్చ, గోధుమ, పసుపు, ఇలా ఒకే పాము రకరకాల రంగుల్లో ఉంటుంది. ఒకే కొమ్మ మీద రోజుల తరబడి కదలకుండా కూర్చుంటుంది కాబట్టి కళ్ళెదురుగా ఉన్నా కనబడదు. మన దేశంలో దొరికే విషం విరుగుడు మందు నాగుపాము, కట్లపాము, రక్తపింజర, చిన్న పింజర, ఈ నాలుగింటి కోసం తయారుచేసింది. పిట్ వైపర్‌కు గానీ కింగ్ కోబ్రాకు గానీ దాన్ని నమ్ముకోలేం. కాటు పడితే కట్లు కట్టడం, కోయడం లాంటివేం చేయకుండా ఆ కాలో చెయ్యో కదలనీయకుండా తిన్నగా ఆసుపత్రికి వెళ్ళాలి. ఘాట్ దిగితే పెద్ద ఆసుపత్రి ఉన్న మణిపాల్ వస్తుంది.

కింగ్ కోబ్రాను చూపించమని గైడ్‌ని వేధించకండి. పాముల పరిశోధకుడు రోములస్ విటేకర్ 2005లో ఇక్కడ పరిశోధన కేంద్రం పెట్టింది ఆ పాము కోసమే అన్నది నిజం. అలాగని అది టికెట్ కొన్నవాళ్ళకు కనిపించదు. దాని బదులు నీటిగుంట మీదికి వంగిన కొమ్మల్ని చూడండి. తెల్లటి నురగ ముద్ద ఆకులకు అతుక్కుని కనబడుతుంది. మలబార్ గ్లైడింగ్ ఫ్రాగ్ అనే ఆకుపచ్చ కప్ప గుడ్లు అందులో ఉంటాయి. గుడ్లు పగిలి పిల్లలు బయటికొచ్చాక నురగ కరిగి, తోకకప్పలు టప్‌మని కింది నీళ్ళలో పడతాయి. కర్రతో పొడిచి చూసే మేధావులు ప్రతి గుంపులోనూ ఒకరుంటారు. ఆయన్ని మీ ముందు నడవనివ్వండి, చేతులు కనబడేలా.

జలగలు

ఇక అసలు సంగతికి వద్దాం. ఆగుంబే నుంచి మధ్యలోనే పారిపోయి వచ్చేవాళ్ళు వానకు భయపడి రారు, జలగలకు భయపడి వస్తారు. ఉండిపోయినవాళ్ళలోనూ చాలామంది వాటిని తీసే పద్ధతి తెలియక కాళ్ళు పుండ్లు చేసుకుంటారు.

ఇవి చెరువు జలగలు కావు, నేల మీద ఉండేవి. రక్తం తాగకముందు అగ్గిపుల్లంత సన్నగా ఉంటాయి. ఆకు అంచున వెనక భాగంతో పట్టుకుని నిలబడి, ముందు భాగాన్ని గాలిలో అటూ ఇటూ తిప్పుతూ వెతుకుతుంటాయి. అడుగుల అదురు, ఒంటి వేడి, మనం వదిలే ఊపిరి, ఈ మూడూ వాటికి అందుతాయి. అందుకే ఆకులు రాలిన నేల మీద ఆగి కబుర్లు చెప్పుకోకూడదు. ఆగాలంటే బండరాయి మీదో, ఎర్రమట్టి దారి మధ్యలోనో ఆగండి. వరసలో వెనక నడిచేవాళ్ళకే ఎక్కువ పడతాయి, ముందువాళ్ళ అడుగులకు అవి లేచి కూర్చుంటాయి మరి.

లీచ్ సాక్స్ కొనుక్కోండి. ఒత్తుగా నేసిన గుడ్డతో మోకాలి దాకా ఉండే తొడుగులవి. మామూలు మేజోళ్ళు, ఫుట్‌బాల్ మేజోళ్ళు పనికిరావు, అల్లిక సందుల్లోంచి దూరిపోతాయి. ప్యాంటు అంచుల్ని లీచ్ సాక్స్ లోపలికి దోపి, మోకాలి కింద తాడు బిగించాలి. రంగు తెలుపే ఉండాలి. నల్లవి, ఖాకీవి అమ్ముతారు గానీ వాటి మీద జలగ పాకితే మీకెలా కనబడుతుంది?

పది నిమిషాలకోసారి కాళ్ళు చూసుకోండి. బట్ట మీద పాకుతున్నదాన్ని రెండు వేళ్ళతో పట్టుకుంటే వేలికే అతుక్కుంటుంది. విదిలిస్తే పోదు, ఇంకో చేత్తో లాగితే ఆ చేతికి అంటుకుంటుంది. బొటనవేలు, చూపుడువేలు మధ్య గట్టిగా, గుండ్రంగా నలపండి. పట్టు తప్పి ఉండలా చుట్టుకుంటుంది. ఆ క్షణంలో గోటితో మీటేయాలి.

చర్మానికి పట్టేసిన జలగ సంగతి వేరు. ఇక్కడే అందరూ తప్పు చేస్తారు. ఉప్పు చల్లుతారు, సున్నం రాస్తారు, శానిటైజర్ పోస్తారు, సిగరెట్‌తో కాలుస్తారు. జలగ ఊడుతుంది, నిజమే. కానీ ఊడేముందు కడుపులో ఉన్నదాన్ని గాయంలోకి కక్కుతుంది. తర్వాత చీము పట్టేది అందుకే. చేత్తో పట్టి గుంజినా చర్మం చిరిగి గాయం పెద్దదవుతుంది.

కంగారు పడకుండా ముందు దాని సన్నటి కొస ఎటుందో చూడండి. నోరు అటువైపు. లావుగా ఉన్న కొస పట్టు కోసమే, అది కరవదు. చాలామంది లావు కొసనే ముందు పీకుతారు, నోరు అక్కడే ఉండిపోతుంది. సన్నటి కొస పక్కన చర్మాన్ని ఒక చేత్తో బిగువుగా పట్టుకుని, రెండో చేతి గోరును చర్మానికి ఆనించి పక్కకు తోయండి. పైకి లాగడం కాదు, పక్కకు. గోరు పెట్టడానికి మనసొప్పకపోతే ఏటీఎం కార్డు అంచు వాడండి. నోరు వదలగానే ఆలస్యం చేయకుండా లావు కొసను కూడా అలాగే తోసి మీటేయండి. ఆలస్యమైతే మళ్ళీ పట్టేస్తుంది. ఈ పని చేసే ధైర్యం లేకపోతే వదిలేయండి, కడుపు నిండాక దానంతటదే రాలిపోతుంది. ఉప్పు మాత్రం వద్దు.

కర్రకు ఉప్పుమూట కట్టుకుని తిరగమని చెప్పేవాళ్ళుంటారు. సాక్స్ మీద పాకేవాటికి తగిలిస్తే పనిచేస్తుంది, కాదనను. కానీ ఆ వానలో మూట అరగంటలో కరిగి నేల పాలవుతుంది. ఆ నేల మీద ఉండేది చర్మంతో ఊపిరి తీసుకునే కప్పలు. గోరు ఉండగా ఉప్పెందుకు?

తీశాక రక్తం ఆగదు. జలగ లాలాజలంలో హిరుడిన్ లాంటి పదార్థం ఉంటుంది, అది రక్తాన్ని గడ్డకట్టనివ్వదు. గంట, రెండు గంటలు, ఒక్కోసారి ఇంకా ఎక్కువసేపు కారుతూనే ఉంటుంది. చూడటానికి భయంగా ఉన్నా పోయేది కొద్ది రక్తమే. సబ్బునీళ్ళతో కడిగి, శుభ్రమైన గుడ్డతో నొక్కిపట్టి, పట్టీ వేయండి. కాఫీపొడి, పసుపు అద్దకండి. మూడు దవడల గుర్తు ఎర్రగా కనబడుతుంది, మర్నాటి నుంచి దురద పెడుతుంది. గోకితేనే పుండు. రక్తం పల్చబడే మందులు వాడేవాళ్ళు బయలుదేరేముందే డాక్టర్‌ని అడగాలి. కంట్లోకో ముక్కులోకో దూరితే సొంత వైద్యం చేయకుండా ఆసుపత్రికి వెళ్ళండి.

పిడుదులు

జలగతో పిడుదును కలపకండి. పిడుదును గోరుతో పక్కకు తోయకూడదు. పట్టకారుతో చర్మానికి ఆనుకుని పట్టుకుని, మెలితిప్పకుండా నిటారుగా పైకి లాగాలి. శివమొగ్గ జిల్లాలోని క్యాసనూరు అడవిలో 1957లో బయటపడిన కోతిజ్వరాన్ని మోసేవి ఇవే. ఆ జ్వరం ఎక్కువగా డిసెంబరు నుంచి మే దాకా, పొడి నెలల్లో వస్తుంది. చలికాలం ట్రిప్పులంటే నాకు పడకపోవడానికి ఇదీ ఒక కారణం. ఆ నెలల్లోనే వెళ్ళాల్సి వస్తే ఆ చుట్టుపక్కల కేసులేమైనా ఉన్నాయేమో లాడ్జ్ వాళ్ళను అడగండి. కోతి చచ్చిపడి ఉంటే దగ్గరికి వెళ్ళకుండా గైడ్‌కి చెప్పండి.

బయలుదేరే రోజు

బూట్లు, లీచ్ సాక్స్ వేరే కవర్లో పెట్టి ముడేయండి. కారు కార్పెట్ మీద జలగ బయటపడితే ఘాట్ దిగేటప్పుడు డ్రైవరు దృష్టి రోడ్డు మీద ఉండదు. ఇంటికొచ్చాక వాటిని బకెట్‌లో ఉప్పునీళ్ళలో నానబెట్టండి. ఉప్పు వాడాల్సింది ఇక్కడ. తర్వాతి రెండు వారాల్లో జ్వరం, విపరీతమైన తలనొప్పి, ఒళ్ళునొప్పులు వస్తే డాక్టర్‌తో ఆగుంబే అడవిలో తిరిగొచ్చామని మొదటి మాటగా చెప్పండి. హైదరాబాద్‌లో ఆయన డెంగీ పరీక్ష రాస్తాడే తప్ప కోతిజ్వరం గురించి తనంతట తాను అడగడు.