లడఖ్‌లో ఆఫ్‌రోడ్ డ్రైవ్: బయలుదేరే ముందు జాగ్రత్తలు

నుబ్రా లోయ, పాంగాంగ్ సరస్సు, హాన్లే గ్రామం మూడూ చుట్టాలంటే ముందు లేహ్ పట్టణంలో కనీసం రెండు రోజులు ఆగండి. అది 3,500 మీటర్ల ఎత్తు, అక్కడి పల్చటి గాలికి ఒళ్లు అలవాటు పడాలి. తలనొప్పి, వాంతులు మొదలైతే ఇంకా పైకి వెళ్లొద్దు. తగ్గకపోతే వెంటనే కిందికి దిగిపోండి. ప్లాన్ పాడైనా పర్వాలేదు, ప్రాణం ముఖ్యం.

– ఈ ప్రాంతాలకు తీసుకున్న పర్మిట్ జిరాక్స్‌లు నాలుగైదు దగ్గర ఉంచుకోండి.
– మన ప్రీపెయిడ్ సిమ్ అక్కడ పనిచేయదు, పోస్ట్‌పెయిడ్ ఉండాలి.
– లేహ్‌లోనే ట్యాంకు ఫుల్ చేయించండి.
– ఎండకు మంచు కరిగి మధ్యాహ్నానికి వాగులు పొంగుతాయి. దాటాల్సినవి పొద్దున్నే దాటేలా రోజువారీ దూరాలు వేసుకోండి. లోతు తెలియని నీళ్లలో బండి దించకండి.
– ఇసుకలో టైర్ల గాలి తగ్గించి, రోడ్డెక్కగానే నింపుకోవాలి. గాలి కొలిచే గేజీ, చిన్న ఎయిర్ పంపు, స్టెప్నీ, జాకీ, లాగే తాడు తప్పనిసరి.
– పాంగాంగ్ ఒడ్డున చెత్త వదలకండి.