ఫైరింగ్‌కు ముందు: 9 ఎంఎం పిస్టల్‌తో జాగ్రత్తలు

తిరుపతి, చిత్తూరు వైపు వేసవిలో ఫైరింగ్ (కాల్పుల సాధన) పెట్టారంటే ఎండ ముదరకముందే రేంజ్‌కు చేరుకోండి. అరచేతికి చెమట పడితే పట్టు జారుతుంది, జేబులో పొడి గుడ్డ ఉంచుకోండి. చెవులకు, కళ్లకు రక్షణ లేకుండా ఫైరింగ్ లైన్ (నిలబడి కాల్చే చోటు) మీదికి రావద్దు.

మన ఇషాపూర్ ఫ్యాక్టరీలో తయారైన 9 ఎంఎం 1ఏ పిస్టల్‌లో మ్యాగజైన్ తీస్తే ట్రిగ్గర్ పనిచేయదు. అంతమాత్రాన పిస్టల్ ఖాళీ అయిందనుకోకండి! ఛాంబర్‌లో (పేలే ముందు తూటా కూర్చునే గదిలో) తూటా ఉండిపోవచ్చు. మ్యాగజైన్ తీశాక స్లైడ్ (పిస్టల్ పైభాగంలో జరిగే భాగం) వెనక్కి లాగి, ఛాంబర్‌ను కళ్లారా చూడండి, చిటికెన వేలితో తడమండి. నా దృష్టిలో అన్నిటికన్నా ముఖ్యమైంది ఇదే.

మ్యాగజైన్ తీస్తే ట్రిగ్గర్‌ను ఆపే ఆ అమరిక వల్ల ట్రిగ్గర్ లాగడానికి కాస్త బరువుగా కూడా ఉంటుంది. టెన్షన్‌లో గబుక్కున లాగితే కుడిచేతి వాటం వాళ్ల దెబ్బలు కిందికి, ఎడమకు పోతాయి. సైట్ (గురి చూసే భాగం) తప్పని తొందరపడి అనుకోకండి. ముందు కనీసం ఐదు రౌండ్లు ఒకే చోట గురిపెట్టి కాల్చి, తూటాల గుంపు టార్గెట్ మీద ఎక్కడ పడిందో చూడండి. చూపు ముందు సైట్ మీదే నిలవాలి, టార్గెట్ మసకగా కనిపించినా ఫర్వాలేదు.

ఖర్చు లేకుండా గురి కుదరాలంటే డ్రై ప్రాక్టీస్‌ను (తూటా లేకుండా గురిపెట్టి ట్రిగ్గర్ లాగే సాధనను) మించింది లేదు. ఇన్‌స్ట్రక్టర్ అనుమతితో, ఖాళీ మ్యాగజైన్ పెట్టి, తూటాలు లేని గదిలోనే చేయండి.

పట్టు మరీ పైకి పోతే హ్యామర్ బొటనవేలి సందులో చర్మాన్ని కొరుకుతుంది. స్ప్రింగులు, ట్రిగ్గర్ విప్పి మార్చే జోలికి మాత్రం పోవద్దు, అది ఆర్మరర్ (ఆయుధాలు బాగుచేసే వ్యక్తి) పని.