రన్‌టైమ్ లేకుండా డి కోడ్ ఫోన్‌లోకి: ముందే చూసుకోవాల్సినవి

డి భాషలో రాసిన లైబ్రరీని బెటర్‌సీ మోడ్‌లో (అంటే డి రన్‌టైమ్ అనే సహాయక కోడ్ లేకుండా) పెట్టి, ఎల్‌డీసీ అనే డి కంపైలర్‌తో ఆండ్రాయిడ్‌కి క్రాస్ కంపైల్ చేయబోతున్నారా, అంటే కంప్యూటర్‌లోనే ఫోన్ కోసం కంపైల్ చేయబోతున్నారా? కంపైలర్ నోరెత్తలేదని సంబరపడకండి. ఈ పనిలో తప్పులు ఎక్కువగా ఫోన్‌లోనే బయటపడతాయి.

షేర్డ్ లైబ్రరీ కట్టేటప్పుడు కొన్ని సింబల్స్ (ఫంక్షన్లు, వేరియబుళ్ల పేర్లు) దొరక్కపోయినా, ముక్కలన్నీ కలిపే లింకర్ మామూలుగా ఊరుకుంటుంది. తీరా యాప్ ఆ లైబ్రరీని లోడ్ చేయబోతే సింబల్ లేదంటూ కూలిపోతుంది. ఎన్‌డీకే (ఆండ్రాయిడ్ నేటివ్ కోడ్ పనిముట్ల కిట్)లోని క్లాంగ్ కంపైలర్‌ని నేరుగా పిలిచి లింక్ చేసేవాళ్లు నో-అన్‌డిఫైన్డ్ ఆప్షన్ పెట్టి తీరాలి. అప్పుడు దొరకని పేర్లన్నీ మీ కంప్యూటర్‌లోనే బయటికొస్తాయి. వాటిలో ఏదైనా పేరు మొదట్లోనే రెండు అండర్‌స్కోర్ల మధ్య చిన్న డి ఉంటే, కోడ్ ఎక్కడో రన్‌టైమ్‌ని అడుగుతున్నట్టే. బెటర్‌సీ లేకుండా కంపైలైన పాత ఆబ్జెక్ట్ ఫైల్ కలిసిందేమో వెతకండి. అండర్‌స్కోర్ తర్వాత పెద్ద డి ఉంటే చాలావరకు డి ప్రామాణిక లైబ్రరీ ఫోబోస్‌లోని ఏదో ఫంక్షన్‌ని వాడేసి ఉంటారు. వాడిన చోటే కంపైలయ్యే టెంప్లేట్లయితే చాలావరకు గట్టెక్కుతాయి, మామూలు ఫంక్షన్లు గట్టెక్కవు.

నన్ను బాగా ఏడిపించింది మాత్రం గ్లోబల్ వేరియబుల్. డిలో అది ఏమీ చెప్పకపోతే థ్రెడ్-లోకల్, అంటే ఒక్కో థ్రెడ్‌కి ఒక్కో సొంత కాపీ. జావా వైపు నుంచి ఒక థ్రెడ్‌లో రాసిన విలువ ఇంకో థ్రెడ్‌లో చూస్తే సున్నా! రెండు రోజులు జావా కోడ్‌నే తిట్టుకున్నాను. పైగా ఆండ్రాయిడ్ 10కి ముందు బయోనిక్‌లో (ఆండ్రాయిడ్ సీ లైబ్రరీ) ఈఎల్ఎఫ్ ఫైళ్ల థ్రెడ్-లోకల్ సదుపాయమే లేదు, ఎమ్యులేషన్ కావాలి. వేరియబుల్ ముందు జీషేర్డ్ (__gshared) అని రాసేస్తే అన్ని థ్రెడ్‌లకూ ఒకటే కాపీ, ఈ బాధ పోతుంది, కానీ లాక్ బాధ్యత మీదే. డిలోని సింక్రనైజ్డ్ బెటర్‌సీలో పనిచేయదు, పీథ్రెడ్ మ్యూటెక్స్ వాడుకోండి.

మెమరీని దానంతటదే శుభ్రం చేసే జీసీ లేదు కాబట్టి, మెమరీ కోసం మాలాక్ రాసిన వెంటనే కింది వరుసలో స్కోప్ ఎగ్జిట్‌తో ఫ్రీ రాసేయండి. అది బెటర్‌సీలోనూ పనిచేస్తుంది.

సీ హెడర్‌లో లాంగ్ కనిపిస్తే డిలోనూ లాంగ్ అని రాసేయకండి. డిలో అది ఎప్పుడూ 64 బిట్లే, 32 బిట్ల ఆర్మ్‌లో సీ లాంగ్ 32 బిట్లే. సీ లాంగ్ సైజుకే సరిపోయే డి టైప్ సీ_లాంగ్ వాడండి. 64 బిట్ల ఫోన్‌లోనే పరీక్షించి వదిలేస్తే ఈ తప్పు అసలు కనపడదు.

యాప్‌లో ప్రింట్‌ఎఫ్ రాతలు లాగ్‌క్యాట్‌లోకి (ఆండ్రాయిడ్ లాగ్ చూపే పనిముట్టు) రావు, ఆండ్రాయిడ్ లాగ్ ఫంక్షన్‌ని పిలవండి. విడి ప్రోగ్రామ్‌గా పరీక్షించాలంటే కంప్యూటర్ నుంచి ఫోన్‌తో మాట్లాడే ఏడీబీతో డేటా/లోకల్/టీఎంపీ ఫోల్డర్‌లోకి పంపండి. ఎస్‌డీకార్డ్ ఫోల్డర్‌లో పెడితే నడవనివ్వదు.

ప్లే స్టోర్‌కి పంపేవాళ్లకు ఇంకొకటి. 2025 నవంబర్ 1 నుంచి, ఆండ్రాయిడ్ 15 లేదా ఆపై వెర్షన్‌ని టార్గెట్ చేసే యాప్‌లు 16 కేబీ మెమరీ పేజీలకు సరిపడాలన్న నిబంధన ఉంది. ఎన్‌డీకే ఆర్28 అయితే ఆ అలైన్‌మెంట్ దానంతటదే వస్తుంది. అంతకన్నా పాతదైతే లింకర్‌కి మ్యాక్స్-పేజ్-సైజ్ 16384 అని మీరే చెప్పాలి.