పాత అంబాసడర్ ఇంజిన్ ఇంట్లో విప్పేముందు

దసరా పూజకి బండి రోడ్డెక్కాలని బరంపురం, పర్లాకిమిడి, రాయగడ వైపు ఈ వానల్లోనే ఇంజిన్ విప్పేవాళ్లు ముందు ఇవి చూసుకోండి.

– కొత్త పిస్టన్లు చేతికి రాకుండా బ్లాక్‌ను బోరింగ్‌కి (సిలిండర్ల లోపల కోసి వెడల్పు చేసే పనికి) ఇవ్వొద్దు. 1489 సీసీ పెట్రోల్ ఇంజిన్‌కి కావలసిన ఓవర్‌సైజు పిస్టన్ (మామూలుకంటే కాస్త లావుది) అడగ్గానే దొరకదు. దొరికిన పిస్టన్‌ను కొలిచి, దానికి తగ్గట్టే బోర్ చేయించాలి. ఎక్కువ కోసేస్తే ఇక స్లీవులే (సిలిండర్‌లో దించే కొత్త గొట్టాలే) గతి. డబ్బుతో పాటు పండగా పోతుంది.

– బేరింగ్ షెల్సూ (క్రాంక్ తిరిగేచోట పెట్టే అరవంపు రేకులు) అంతే. క్రాంక్ (పిస్టన్లు తిప్పే ఇరుసు) కొలిచాకే కొనండి.

– మెయిన్ క్యాపులు, రాడ్ క్యాపులు (క్రాంక్ మీద బిగించే మూతలు) విప్పకముందే నంబర్లు, ముందు వైపు గుర్తులు వేయండి. తారుమారైతే క్రాంక్ బిగుసుకుపోతుంది. దయచేసి, జ్ఞాపకాన్ని నమ్ముకోకండి.

– ఇంజిన్ ఎత్తడానికి ఇంటి దూలానికి చైన్ బ్లాక్ (గొలుసు కప్పీ) కట్టొద్దు. ఆ దూలం అంత బరువుకి వేసింది కాదు.

– లేత్ నుంచి వచ్చాక ఆయిల్ దారులన్నీ బ్రష్షుతో కడగండి. చిటికెడు ఇనుప రజను చాలు, కొత్త బేరింగులు గీసుకుపోతాయి. కడగ్గానే తుడిచి నూనె పూయండి. ఈ తేమకి కొత్త బోరు తెల్లారేసరికి తుప్పు పడుతుంది.

– మొదటి స్టార్ట్‌కి ముందు స్పార్క్ ప్లగ్గులు తీసి, ఆయిల్ ప్రెషర్ కనిపించేదాకా ఆగి ఆగి సెల్ఫ్ కొట్టండి.