గల్ పక్షుల్ని గుర్తుపట్టాలంటే తల కాదు, రెక్క కొస చూడండి

నది మీద తెల్లగా ఎగిరేదల్లా గల్ (సీగల్ అని పిలిచే నీటిపక్షి) కాదు, ముందు అది తేల్చుకోండి. ఒళ్లు సన్నగా, తోక చీలినట్టుండి, గాల్లో కాసేపు ఆగి ముక్కు కిందికి పెట్టి దబుక్కున నీళ్లలోకి దూకితే అది చాలావరకు టర్న్ అనే వేరే పక్షి. గల్ కాస్త బరువైన పక్షి, తోక విసనకర్రలా విచ్చుకుంటుంది, నీళ్ల మీద తీరిగ్గా తేలుతూ కూర్చుంటుంది.

గల్ అని తేలగానే అందరూ తల రంగు చూస్తారు, అక్కడే తికమక మొదలవుతుంది. బ్లాక్ హెడెడ్ గల్‌కి చలికాలంలో ఆ ముదురు తలే ఉండదు, కంటి వెనక చిన్న నల్లమచ్చ మాత్రం మిగులుతుంది. బ్రౌన్ హెడెడ్ గల్‌దీ అదే వరస. కాబట్టి అది ఎగిరేదాకా ఆగి, రెక్క కొస మీద దృష్టి పెట్టండి. బ్లాక్ హెడెడ్‌కి రెక్క ముందంచు బయటివైపు తెల్లటి పట్టీ మెరుస్తుంది, ఈకల చివర్లు మాత్రమే నలుపు. బ్రౌన్ హెడెడ్‌కైతే కొస బాగా నల్లగా ఉండి, ఆ నలుపులో తెల్లమచ్చలు కనిపిస్తాయి, ఎదిగిన పక్షికి కన్ను కూడా లేతగా ఉంటుంది. పిల్లపక్షికి ఆ మచ్చలుండవు, కన్నూ ముదురే, తొందరపడొద్దు.

అసలు తలనొప్పి వయసుతోనే. చిన్న గల్స్‌కి రెండో ఏడాదికల్లా పెద్దవాటి రంగులు వచ్చేస్తాయి గానీ, హెరింగ్ గల్ లాంటి పెద్ద జాతులకి దాదాపు నాలుగేళ్లు పడుతుంది. అందుకే ఒకే జాతి గుంపులో ఒళ్లంతా గోధుమ చారలున్నదీ, వీపు సగం బూడిదరంగుకి తిరిగినదీ, పూర్తిగా ఎదిగినదీ పక్కపక్కనే నిలబడి మూడు జాతుల్లా కనిపిస్తాయి. తోక చివర నల్లపట్టీ, రెక్కల మీద గోధుమరంగు ఉంటే ఇంకా ఎదగలేదనుకోవచ్చు.

సైజు ఒంటరి పక్షిని చూసి చెప్పలేం, పక్కన ఇంకోటి ఉండాలి. బ్లాక్ హెడెడ్ సుమారు 40 సెంటీమీటర్లు, పల్లాస్ గల్ అనే పెద్ద జాతి 60 దాటుతుంది, రెండూ ఒకే ఇసుకతిన్నె మీద వాలితే బైనాక్యులర్స్ లేకుండానే తేడా తెలిసిపోతుంది. వీపు బూడిదరంగుని ఎండలో అస్సలు నమ్మొద్దు, సూర్యుడి కోణం మారితే అదీ మారినట్టే ఉంటుంది. మబ్బు పట్టిన రోజు నయం, లేదంటే ఎండ మీ వీపు మీద పడేలా నిలబడండి.

సాయంత్రాలు మంచి సమయం, రాత్రి మకాం కోసం గుంపులుగా చేరతాయి. దగ్గరికెళ్లి లేపొద్దు, ఏదో ఒకటి ఒళ్లు విరుచుకుంటూ రెక్క చాపుతుంది, అప్పుడే ఫోటో తీసుకోండి. కాలికి పరిశోధకులు వేసిన అక్షరాల రింగ్ కనిపిస్తే దాని రంగు, కోడ్, ఏ కాలికి ఉందో రాసుకోండి. పెద్ద జాతులు కొన్ని ఒకదానితో ఇంకో జాతి కలిసి సంకర పిల్లల్ని కంటాయి కూడా, కాబట్టి పేరు తేలకపోతే "పెద్ద గల్, మొదటి ఏడాది" అని నోట్‌బుక్‌లో రాసుకుని తర్వాతి పక్షి వైపు తిరగండి.